ఒక మంత్రసాని దినచర్య

మంత్రసాని హస్తవాసిని గూర్చి చెప్పుకొనని పాతతరపు తెలుగు ఇల్లు అరుదు. కాని ఆమె ఎక్కడ పుట్టినది, ఎందరికి పురుడు పోసినది అని అడిగినచో చెప్పగలవారు అంతకంటె అరుదు. ఆమె పని నోటిమాటగా నిలిచి నోటిమాటగానే పోయినది. ఇది మన దేశమునకే పరిమితమైన విషయము కాదు. అందుచేతనే, అమెరికాలో ఒక మంత్రసాని స్వహస్తముతో వ్రాసి ఉంచిన దినచర్యను గురించి నేడు ముచ్చటింపదలచినాము.

ఆమె పేరు మార్తా బల్లార్డ్. అమెరికా ఇంకను బ్రిటిషువారి వలసరాజ్యముగా ఉన్న 1735వ సంవత్సరమున, మసాచుసెట్స్‌లోని ఆక్స్‌ఫర్డ్ అను ఊరిలో మూర్ కుటుంబమున జన్మించినది. ఆమె సోదరుడు హార్వర్డ్ కళాశాలలో చదివినాడు. ఆడపిల్లలకు ఆనాడు ఆ ద్వారము తెరువలేదు. సోదరి డొరొతీ భర్త స్టీఫెన్ బార్టన్ వైద్యుడు. తరువాతి కాలమున అమెరికన్ రెడ్‌క్రాస్‌ను స్థాపించిన క్లారా బార్టన్ ఆ దంపతుల మనుమరాలే.

మార్తా 1754లో ఎఫ్రాయిమ్ బల్లార్డ్‌ను వివాహమాడి తొమ్మండుగురు బిడ్డలను కన్నది. 1769 వేసవిలో డిఫ్తీరియా వ్యాపించి, కొద్దిదినముల వ్యవధిలో ఆమె ముగ్గురు కుమార్తెలను పొట్టన పెట్టుకొన్నది. అప్పుడామె నిండు చూలాలు. ఇతరుల ఇండ్లలో రోగుల పడకల ప్రక్క రాత్రులు గడిపిన ఆమె, తన ఇంటనే ఆ దుఃఖమును ముందుగా ఎరిగినది.

భర్త భూముల సర్వే చేయువాడు, మరలు నడపువాడు. క్రొత్త భూములు వెదకికొనుచు ఆయన ముందుగా వెళ్ళగా, 1777లో ఆమెయు మెయిన్ ప్రాంతమునకు చేరి, కెనబెక్ నదీతీరమున హాలోవెల్ అను ఊరిలో స్థిరపడినది. మరుసటి సంవత్సరమే అక్కడ పురుళ్ళు పోయ నారంభించినది. 1785 మొదలు 1812లో మరణించువరకు, ఇరువదియేడేండ్లు, తన పనిని దినదినము వ్రాసినది. అందు 816 పురుళ్ళ లెక్క ఉన్నది. గడ్డకట్టిన నదిని కాలినడకన, మంచు కరిగినపుడు పడవపై, దాటి వెళ్ళెడిది. తన తోటలో పెంచిన మూలికలతో మందులు చేసెడిది. పురుటికి ఆరు షిల్లింగులు రుసుము; అదియు తరచు వస్తురూపముననే ముట్టెడిది. కుమార్తెలు ఎదిగి ఇంట మగ్గముకడ కూర్చుండుటచేతనే తల్లి ఊరిమీదికి పోగలిగినది.

ఆనాటి చట్టము ప్రకారము, పెండ్లికాని స్త్రీ ప్రసవవేదనలో బిడ్డ తండ్రి ఎవరో చెప్పిన మాటకు విలువ ఉండెడిది. ఆ మాట అడిగి వినవలసినది మంత్రసానియే. 1791లో శాలీ పియర్స్ అను యువతికి పురుడు పోయుచు మార్తా ఆ ప్రశ్న వేసినది. శాలీ చెప్పిన పేరు జోనథన్. అతడు మార్తా కుమారుడే! ఆమె ఆ పేరును దాచలేదు. ఇతరుల విషయమున ఎట్లు వ్రాసినదో అట్లే వ్రాసినది. మరుసటి సంవత్సరము ఆ యిరువురికిని వివాహము జరిగి, శాలీ ఆ ఇంటి కోడలైనది. కన్నకొడుకు పేరు వచ్చినపుడు సయితము నిజము తప్పని చేతివ్రాత కనుకనే తక్కిన పుటలను కూడ మనము నమ్మగలుగుచున్నాము.

ఆ పుస్తకము కుమార్తె డాలీ వంశమున నిలిచి, 1884లో మేరీ హోబార్ట్ చేతికి వచ్చినది. ఆమె మార్తాకు నాలుగు తరముల తరువాతి సంతానము. ఆ యేడే వైద్యపట్టము పొందిన డాక్టరు. ఇంటి ఆడువారికి మూసియుండిన చదువు ఎట్టకేలకు ఆ వంశమునకు దక్కినది. ఆమె 1930లో దినచర్యను మెయిన్ రాష్ట్ర గ్రంథాలయమునకు అప్పగించినది. అంతకుముందు 1870లో స్థానిక చరిత్ర వ్రాసిన జేమ్స్ నార్త్, ఇందులో అధికభాగము పదిమందికి ఆసక్తి కలిగించునది కాదని తలచినారు. లారెల్ థాచర్ అల్రిచ్ అను చరిత్రకారిణి ఆ చిల్లర పద్దులనే ఓపికతో కూర్చి, 1990లో గ్రంథము ప్రకటించినది. మరుసటి యేడు దానికి పులిట్జర్ బహుమానము లభించినది.

మన ఇండ్ల అటకలమీదను పాతపద్దు పుస్తకములు, పిల్లల పుట్టినతేదీలు వ్రాసిన పంచాంగములు ఉండవచ్చును. వానిని పారవేయుటకు ముందు ఒకమారు విప్పి చూడవలెననియు, ఇంట పెద్దముత్తైదువలు ఉన్నచో వారికి పురుడు పోసినవారి పేర్లయినను అడిగి వ్రాసికొనవలెననియు శ్రోతలకు మా మనవి.