దేనారము వెళ్లిన దూరం



దేనారము అనే మాట మనలో చాలామందికి సువార్తల్లోనే పరిచయం. ద్రాక్షతోటలో పనిచేసినవాళ్లకు సాయంత్రం ఇచ్చిన కూలి అది. పన్ను విషయంలో ప్రభువును చిక్కులో పెడదామని వచ్చినవాళ్లు ఆయనకు తెచ్చి చూపించిన నాణెం కూడా అదే. అది ఎలా ఉండేదో చూద్దాం. వెడల్పు మన రూపాయి బిళ్ల కంటే కాస్త తక్కువ. బరువు నాలుగు గ్రాములకు కొంచెం లోపు. దాదాపు అంతా వెండే. ఆ రోజు యెరూషలేములో చూపించినది తిబెరి కైసరు నాణెమని చాలామంది పండితులు అనుకుంటారు. దానికి ఒక వైపు ఆకుల కిరీటంతో కైసరు తల, చుట్టూ తాను దైవమైన ఔగుస్తు కుమారుణ్ణని చెప్పుకునే రాత. రెండో వైపు కూర్చున్న ఒక స్త్రీ, ప్రధాన యాజకుడు అనే బిరుదు. ఆ రాత చదివితే పన్ను మాట యూదులకు ఎందుకంత మంట పుట్టించిందో తేలిగ్గానే అర్థమవుతుంది.

ఆ నాణేలు ఎక్కువగా తయారైంది గల్లియ దేశంలోని లుగ్దునుంలో, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో. ఇప్పుడు అవి ఇంగ్లండు పల్లెల్లో దున్నిన చేలల్లో దొరుకుతున్నాయి. నార్‌ఫోక్‌లోనూ సఫోక్‌లోనూ లోహాలను పసిగట్టే యంత్రం పట్టుకుని పొలాల్లో తిరిగేవాళ్లకు ఔగుస్తువి, తిబెరివి, నీరోవి బయటపడుతుంటాయి.

అంత దూరం ఎలా వెళ్లాయి? ముఖ్యంగా సైనికుల జీతంగా. క్రీ.శ. 43లో క్లౌదియ కైసరు నాలుగు లెజియన్ల సైన్యాన్ని సముద్రం దాటించి బ్రిటన్ మీదికి పంపాడు. లెజియను సైనికుడికి ఏడాదికి 225 దేనారములు. రోజుల లెక్కన చూస్తే దేనారములో పదహారింట పది వంతులే. తిండికీ బట్టలకూ కోత కూడా అందులోనే. క్రీ.శ. 14లో తిబెరి సింహాసనం ఎక్కగానే దానూబు నది వైపున్న సైన్యం తిరగబడింది. రోజుకు ఒక దేనారము కావాలన్నది వాళ్ల కోరికల్లో ఒకటి. ఈ సంగతి చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ద్రాక్షతోట యజమాని చివరి గంటలో వచ్చినవాడి చేతిలో పెట్టింది సైనికులు పోరాడి అడిగినంత కూలి. ఆ ఉపమానం మొదట విన్నవాళ్ల ముఖాలు ఎలా మారి ఉంటాయో!

ఇక వూస్టర్‌షైర్ సంగతి. మాల్వర్న్ కొండలకు దగ్గరలో 2023లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 1,368 నాణేలు. ఒక్కటి మాత్రం అక్కడి దొబున్ని తెగవాళ్ల బంగారు నాణెం, మిగతావన్నీ రోమా వెండి. అన్నిటికంటే పాతది క్రీ.పూ. 157 నాటిది, చివరిది క్రీ.శ. 55లో నీరో కాలంలో ముద్రించినది. మన లెక్కలో వేసుకుంటే అది ఒక సైనికుడి ఆరేళ్ల జీతం. కుండ మాత్రం ఆ చుట్టుపక్కల బట్టీలో కాల్చినదే. ఆ రోజుల్లో రోమా సరిహద్దు అక్కడే ఉంది, సైన్యం వేల్స్ కొండల తెగలతో పోరాడుతోంది. సైన్యానికి ధాన్యమూ పశువులూ అమ్మిన ఊరి రైతు సొమ్మై ఉండవచ్చని నిపుణులు అంటున్నారు. మాకూ అదే నమ్మదగినదిగా కనిపిస్తోంది. కుండలో దాచినవాడు మళ్లీ తీసుకునే ఆలోచనతోనే దాచి ఉంటాడు. తీసుకోలేదు.

పొలంలో దాచిన ధనం కనుగొన్నవాడు మళ్లీ దాన్ని కప్పిపెట్టి, ఉన్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడని ప్రభువు చెప్పాడు కదా. నేటి ఇంగ్లండులో ఆ దారి కుదరదు. 1996 నాటి నిధుల చట్టం ప్రకారం మూడు వందల ఏళ్లు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా పద్నాలుగు రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. మ్యూజియం వాటిని తీసుకుంటే వెల కడుతుంది. మామూలుగా ఆ డబ్బు దొరికించుకున్నవాడికీ భూమి యజమానికీ చెరి సగం.

అయితే ఆ వెండి ఊరికే వచ్చింది కాదు. జీతంగా వచ్చినది పన్నుగానో అప్పు తీర్పుగానో తిరిగి వెళ్లాలి. క్లౌదియ బ్రిటన్ పెద్దలకు డబ్బు ఇచ్చాడు. రాజు పన్నులు చూసే దెకియానుస్ కాతుస్ దాన్ని వెనక్కి ఇమ్మన్నాడు. నీరో గురువు సెనెకా కూడా వాళ్లకు నాలుగు కోట్ల సెస్టెర్సులు, అంటే కోటి దేనారములు అప్పిచ్చి, ఒక్కసారిగా కట్టమని ఒత్తిడి చేశాడని చరిత్రకారుడు దియో రాశాడు. నీతి గ్రంథాలు రాసిన సెనెకాయే ఈయన! ఐసెని తెగ రాజు ప్రసుతాగుస్ చనిపోతే అతని ఆస్తిని జప్తు చేశారు, అతని భార్య బూదికాను కొరడాలతో కొట్టారు, కూతుళ్లను చెరిచారు. క్రీ.శ. 60-61లో ఆమె వెనక జనం లేచి కొల్చెస్టర్‌నూ లండన్‌నూ వెరులామియంనూ కాల్చేశారు. ఆ ఎర్రటి కాలిన మట్టి పొర నేటికీ కొల్చెస్టర్, లండన్ తవ్వకాల్లో కనబడుతుంది. చివరికి బూదికా ఓడిపోయింది. ఆ తర్వాత వేలమంది చనిపోయారు, కరవూ వచ్చింది.

కాతుస్ గల్లియకు పారిపోయాడు. అతని స్థానంలో యూలియుస్ క్లస్సికియానుస్ వచ్చాడు. ఇతనూ సుంకాలు చూసే అధికారే. సైన్యాధిపతి ఓడిన ఊళ్ల మీద పగ తీర్చుకుంటూ ఉంటే, ఇది ఆగాలని, మెత్తని మనసున్న గవర్నరును పంపాలని ఇతను రోమాకు రాశాడు. టాసిటస్‌కు ఇతనంటే గిట్టదు, సైన్యాధిపతి మీద సొంత కక్షతో అలా రాశాడంటాడు. ఉద్దేశం ఏదైనా గవర్నరు మారాడు, చంపడం తగ్గింది. అతను లండన్‌లోనే చనిపోయాడు. భార్య యూలియా పకాతా కట్టించిన సమాధి రాయి ముక్కలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

అదే కాలంలో ఔగుస్తు, తిబెరి దేనారములు మన తెలుగు నేలకూ వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒకేచోట పదిహేను వందలకు పైగా దొరికాయి. ఇవి సముద్ర వ్యాపారంలో మిరియాలకూ బట్టలకూ బదులుగా వచ్చిన వెండి. వాటి వెనక రోమా సైన్యం రాలేదు, పన్ను వసూలు చేసేవాడూ రాలేదు. మన దేశంలో దొరికిన రోమా నాణేల్లో చాలావాటి మీద కైసరు ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో నూటికి తొంభైకి పైగా అలాంటివే. కైసరు రూపం చెల్లకుండా చేయడానికే ఆ గాటు పెట్టారని కొందరు పండితులు అంటారు, లోపల అసలు లోహమేనా అని చూడటానికని మరికొందరు అంటారు.