అనాసపువ్వు వైద్యం

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు పెద్దలు. ఈమధ్య మాత్రం పెరటి చెట్టే కాదు, మసాలా డబ్బాలో ఉన్న ప్రతిదీ వైద్యానికి పనికొస్తుందని నమ్మేవాళ్ళే నాకు ఎక్కువగా తగులుతున్నారు. ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, ఎవరో ఒకరు అనాసపువ్వు కషాయం తాగమంటారు. "ఫ్లూ మాత్రలు దానితోనే చేస్తారట కదండీ!" అని దబాయిస్తారు. ఆ "అట"లో నిజమెంతో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

అనాసపువ్వంటే బిరియానీలో పంటికి తగిలే ఆ ఎనిమిది రేకుల నక్షత్రం. పేరుకు పువ్వే గాని, నిజానికి ఎండిన కాయ. పుట్టిల్లు దక్షిణ చైనా, వియత్నాం ప్రాంతాలు. జపానులో దీనికో దాయాది ఉంది. పేరు షికిమి. చూపుకు రెండూ కవలలే. కాని షికిమి కాయ విషం. బౌద్ధాలయాల దగ్గరా, శ్మశానాల్లోనూ ఆ చెట్టును పెంచుతారు.

చిత్రమేమిటంటే, కథ మొదలైంది ఈ విషపు దాయాదితోనే. 1885లో యోహాన్ ఐక్మన్ అనే డచ్చి రసాయన శాస్త్రజ్ఞుడు షికిమి నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. విషం వేరు, ఈ ఆమ్లం వేరు. చెట్టు పేరు మీదే దానికి షికిమిక్ ఆమ్లమని పేరొచ్చింది. విటమిన్ల పరిశోధనకు 1929లో నోబెల్ బహుమతి అందుకున్న క్రిస్టియాన్ ఐక్మన్ ఈయన తమ్ముడే. అన్నగారి ఆమ్లం మందుల షాపు దాకా రావడానికి మాత్రం నూరేళ్ళు దాటింది.

ఈలోగా 1918లో ఫ్లూ వచ్చి మన దేశంలోనే కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. అప్పుడు వైద్యులిచ్చిన క్వినైనూ చెట్టు బెరడు సొత్తే. మలేరియాకు రామబాణం, ఫ్లూకు మాత్రం తగల్లేదు. మనుషులకొచ్చే ఫ్లూ వైరస్‌ను లండన్‌లో పట్టుకున్నదే 1933లో. శత్రువెవరో తెలియకుండా ఏ బాణమని వేస్తారు పాపం!

ఈ వైరస్ మన కణంలో పెరిగి, బయటపడేటప్పుడు ఒక ఎంజైమును కత్తెరలా వాడి బంధాలు తెంచుకుంటుంది. ఆ కత్తెరకు అడ్డుపడే మందును అమెరికాలో గిలియడ్ కంపెనీవారు కనిపెడితే, రోష్ కంపెనీ 1999లో టామిఫ్లూ పేరుతో బజారుకు తెచ్చింది. దానికి ముడిసరుకు షికిమిక్ ఆమ్లం. ఆ ఆమ్లానికి ఆధారం అనాసపువ్వు. 2005లో బర్డ్ ఫ్లూ భయం పుట్టేసరికి దేశదేశాలూ మాత్రలు దాచుకోసాగాయి. అనాసపువ్వు ధర చుక్కలనంటింది. ఆ ఏడాది చివర మన హైదరాబాదు హెటిరో కంపెనీకి కూడా మందు తయారీకి అనుమతి దొరికింది. పువ్వొక్కటే చాలక, బాక్టీరియాతో పులియబెట్టి కూడా ఆ ఆమ్లం తీస్తున్నారు.

మరి కషాయం సంగతో? షికిమిక్ ఆమ్లం దానంతటది ఆ కత్తెరను ఆపలేదు. దాదాపు పది రసాయన దశలు దాటితేగాని మందు కాదు. పత్తికాయ నెత్తిన పెట్టుకుంటే తలపాగా అవుతుందా?

పోనీ, నష్టమేముంది అంటారా? ఉంది. కడుపునొప్పికని అనాసపువ్వు టీ పట్టిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చాయని 2003లో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ హెచ్చరించింది. షికిమి కలిసిందని అనుమానం. ఎండిపోయాక ఆ కవలల్ని కంటితో విడదియ్యడం ఎవరితరం?

అసలు మాత్రయినా మొదటి రెండు రోజుల్లో మొదలెడితేనే బాగా గుణమిస్తుంది. కషాయాలతో ఆ రెండు రోజులూ గడిపేస్తే వైద్యుడు మాత్రం ఏం చేస్తాడు? మిరియాల పాలు నేనూ తాగుతాను, గొంతుకు హాయిగా ఉంటుంది. కాని హాయి వేరు, మందు వేరు.