ఇంజన్ ఎందుకు ఆగింది?

1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. పట్టాలు వేసిన ఖర్చు నిజాం ప్రభుత్వానిది. ఆ తర్వాత ఆ లైను లండన్‌లో ఏర్పడిన నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతికి వెళ్లింది. కంపెనీ పెట్టుబడికి రావలసిన వడ్డీకి మాత్రం నిజాం ఖజానాయే హామీ. 1889 నాటికి రైలు బెజవాడ దాకా సాగింది. లైను పెరిగింది, ఇంజన్లు పెరిగాయి, వాటితోపాటు మరమ్మతులూ పెరిగాయి. 1893లో సికింద్రాబాద్ పక్కన లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ వెలిసింది.

ఆ ఏర్పాటులో ఒక చిక్కుంది. యజమానులు లండన్‌లో, ఇంజన్లు దక్కన్ ఎండలో. ఇంజన్ దారిలో ఆగిపోతే నష్టం యజమానులది, మాట పడేది డ్రైవరు, విప్పి చూడాల్సింది లాలాగూడ. ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు ఈ ముగ్గురి దగ్గరా మూడు జవాబులుండటంలో వింతేమీ లేదు.

ఆవిరి ఇంజన్ ఆ వాదానికి బోలెడంత చోటిచ్చేది. ఆవిరి సరిగా పుట్టడం లేదంటే కారణం బొగ్గు కావచ్చు, ఫైర్‌మన్ నిప్పు పరిచిన తీరు కావచ్చు. గొట్టాల్లో మసి పేరుకుని ఉండొచ్చు. పొగపెట్టె తలుపు సందుల్లోంచి గాలి లోపలికి చొరబడుతుండొచ్చు. బయటికి కనిపించేది మాత్రం ఒక్కటే: మీటరు ముల్లు కిందికి జారుతుంది, బండి ఎత్తు ఎక్కలేక నిలిచిపోతుంది. డ్రైవరు బొగ్గును అనేవాడు, షెడ్డువాళ్లు డ్రైవరును అనేవారు.

బొగ్గును పూర్తిగా తప్పించడానికీ లేదు. 1870ల్లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. సింగరేణి పేరుతో ప్రసిద్ధమైన ఆ బొగ్గే నిజాం రైలుకు ఆధారమైంది. అయితే మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. ఆ బూడిద కరిగి గడ్డకట్టి చిట్టెంగా మారితే కొలిమి అడుగున గాలి ఆడదు. బ్రిటన్‌లోని వెల్ష్ బొగ్గుకు సరిపోయే కొలిమి దీనికి సరిపోదు. కాబట్టి ఒక్కోసారి తప్పు బొగ్గుదీ కాదు, మనిషిదీ కాదు, కొలిమి కొలతలది.

రెండో అనుమానితుడు నీరు. రాతి నేల బావుల నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. అవి బాయిలర్‌లో మరిగే కొద్దీ సున్నపు పొర గొట్టాలకు అంటుకుంటుంది, వంటింట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నట్టు. పొర మందమైతే వేడి నీటికి చేరదు, లోహమే కాలిపోతుంది. అందుకే బాయిలర్‌ను వేళకు చల్లార్చి కడిగే పద్ధతి వచ్చింది. కొలిమి పైకప్పులో సీసం నింపిన బిరడా ఒకటుండేది. నీటి మట్టం ప్రమాదకరంగా తగ్గితే సీసం కరిగి, ఆవిరి కొలిమిలోకి చిమ్మి సిబ్బందిని హెచ్చరిస్తుంది. బిరడా కరిగి ఉంటే ఇక వాదం లేదు; నీరు తగ్గిందనడానికి అదే సాక్ష్యం.

సాక్ష్యం అంత సులువుగా దొరకని చోట పనితనం కావలసి వచ్చేది. చక్రాల ఇరుసు వేడెక్కిందనుకుందాం. దాన్ని హాట్ యాక్సిల్ అంటారు. నూనె చాలలేదా, నూనెలో నీరు కలిసిందా, ఇసుక పడిందా, బేరింగ్ సరిగా కూర్చోలేదా? కాలిన వాసన అన్నింటికీ ఒకటే. బేరింగ్ విప్పి, దాని మెత్తని తెల్ల లోహం ఎక్కడ అరిగిందో, ఎటువైపు కరిగిందో చూసిన ఫిట్టరే కారణం చెప్పగలిగేవాడు.

కంటికి కనబడని పగుళ్లకు రైల్వే వర్క్‌షాపులు ఒక చక్కని ఉపాయం వాడేవి. ఉక్కు భాగాన్ని శుభ్రం చేసి నూనెలో నానబెడతారు. తీసి పొడిగా తుడిచి పైన సుద్ద పూస్తారు. ఆనక సుత్తితో తడతారు. పగులు ఉంటే అందులో దాగిన నూనె పైకి ఊరి, తెల్లని సుద్ద మీద సన్నని నల్లగీత గీస్తుంది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఓపిక, శుభ్రత, మంచి వెలుతురు చాలు. ఇప్పటి కర్మాగారాల్లో రంగు ద్రవాలతో చేసే పగుళ్ల పరీక్షకు మూలం ఇదే.

అసలు కారణం ఊహల మధ్య నలిగితే ఎంత నష్టమో 1937 చూపించింది. ఆ ఏడాది జులై 17న పట్నా దగ్గర బిహ్టాలో ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. లాగుతున్నది ఎక్స్‌బీ రకం ఇంజన్. విద్రోహమని కొందరు, ఇంజన్ ఊగుతుందని కొందరు, పట్టాలు బలహీనమని కొందరు అన్నారు. చివరికి బ్రిటన్ ఇంజనీరు విలియం స్టానియర్ సభ్యుడిగా ఉన్న కమిటీ వచ్చి, ఇంజన్లను నడిపి, కొలిచి చూసింది. పక్కకు ఊగే ఇంజన్‌ను ముందువెనుకల చిన్న చక్రాల బండ్లు సరిగా అదుపు చేయడం లేదని, పట్టాల స్థితి దాన్ని మరింత పెంచుతోందని తేల్చింది. 1947లో వచ్చిన డబ్ల్యూపీ ఇంజన్ ఆ పాఠాలు నేర్చుకుని, మన బొగ్గుకు తగిన కొలిమితో తయారైంది.

ఇదే తగువు స్పోర్ట్స్ కార్ల యజమానుల మధ్యా నడిచింది. 1990ల చివర వచ్చిన పోర్షే బాక్స్‌టర్, 911 ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసే చిన్న బేరింగ్ కొన్నింట్లో చెడిపోయేది. అది విరిగితే వాల్వుల లయ తప్పి ఇంజన్ మొత్తం పోయేది. కారు మెల్లగా నడిపినందువల్లనని ఒకరు, నూనె ఆలస్యంగా మార్చినందువల్లనని ఇంకొకరు, బేరింగ్ సీలు లోపలి గ్రీజు కొట్టుకుపోయిందని మరొకరు వాదించారు. 2001–2005 మధ్య కార్లకు సంబంధించిన కేసు అమెరికాలో 2013లో రాజీతో ముగిసింది. కారు యజమాని చూసేది తన ఒక్క ఇంజన్‌నే. వర్క్‌షాప్ ముందుకు ఒకే రకం ఇంజన్లు వరుసగా వస్తాయి. ఏ భాగం పదేపదే పోతోందో అక్కడ పోల్చి చూడొచ్చు. లాలాగూడ బలం అదే.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తానే తీసుకుంది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఆవిరి వెళ్లిపోయింది, పాత వర్క్‌షాప్ ఇప్పుడు బోగీలను బాగుచేస్తోంది. లాలాగూడలోనే విద్యుత్ లోకో షెడ్ కూడా వచ్చింది. ఇక్కడ సాక్ష్యాల రూపం మారింది. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో కరిగిన వాయువులను పరీక్షిస్తే, ఎసిటిలీన్ కనిపించడం లోపల నిప్పురవ్వలు లేచాయనడానికి గుర్తు. ఎథిలీన్ పెరిగితే విపరీతమైన వేడికి గుర్తు. పాత డీసీ మోటార్లలో కార్బన్ బ్రష్షుల దగ్గర మంట లేచే బెడద ఉండేది. డబ్ల్యూఏపీ-7 వంటి త్రీఫేజ్ ఇంజన్ల మోటార్లకు బ్రష్షులే లేవు. వాటిలో కంప్యూటర్ ఏ క్షణాన ఏ లోపం వచ్చిందో నమోదు చేస్తుంది. అయినా లోపం పేరు వేరు, కారణం వేరు. తెర మీది సంకేతం చూసి భాగం మార్చేస్తే బండి కదులుతుంది గాని, ఆ భాగం ఎందుకు పోయిందో తెలియదు.

నిజాం రైల్వే చరిత్రలో స్టేషన్ భవనాల ఫొటోలకు, ప్రారంభోత్సవాల తేదీలకు చోటు దక్కింది. సుద్ద మీది నల్లగీతను చదివిన ఫిట్టర్లకు, ఇరుసు వాసన పసిగట్టిన ఖలాసీలకు దక్కలేదు. ఆవిరి ఇంజన్ల మీద చేయి తిరిగినవారు, వారి దగ్గర పని నేర్చుకున్నవారు మెట్టుగూడ, లాలాగూడ ఇళ్లలో ఉంటే వారి మాటలు ఇప్పుడే రికార్డు చేయాలి. పాత మరమ్మతు పుస్తకాలు, డ్రాయింగులు చెత్తకు పోకుండా రైల్వేయే సేకరించి, ఇంజనీరింగ్ విద్యార్థులకు అందుబాటులో పెట్టాలి.