కోలుకునే దశ

దీర్ఘవ్యాధి తగ్గుముఖం పట్టిన నాటి నుండి రోగి తన పూర్వపు బలాన్ని తిరిగి పొందే వరకు గల కాలాన్ని కోలుకునే దశ అంటారు. టైఫాయిడ్, క్షయ, న్యుమోనియా వంటి వ్యాధుల తరువాత, పెద్ద శస్త్రచికిత్సల తరువాత, ఆసుపత్రిలో చాలా రోజులు మంచాన ఉన్న తరువాత ఈ దశ కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు సాగుతుంది. జ్వరం విడిచినంత మాత్రాన వ్యాధి వలన కలిగిన నష్టం పూడినట్లు కాదు. ఈ కాలంలో ఆహారాన్ని, శారీరక శ్రమను రెండింటినీ క్రమంగా పెంచవలసి ఉంటుంది. చాలా రోజులు తిండి లేక చిక్కిపోయిన వారికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెడితే ప్రాణాపాయం కలుగవచ్చు. భయపడి మరీ తక్కువ పెడితే కండరాలు తిరిగి పెరగక రోగి నెలల తరబడి నీరసంగానే ఉండిపోతాడు. ఈ రెండు ప్రమాదాలకు నడుమ నడిపించడమే ఈ దశలో చేయవలసిన సంరక్షణ.

శరీరంలో కలిగే మార్పులు

కాలేయంలో నిలువ ఉండే గ్లైకోజెన్ సుమారు ఒక రోజు ఉపవాసంతో చాలావరకు ఖర్చవుతుంది. ఆ తరువాత శరీరం కొవ్వును, కండరాలలోని మాంసకృత్తులను వాడుకుంటుంది. ఆరోగ్యవంతుడు ఉపవాసం చేసినప్పుడు కొన్ని రోజులకు కండరాల ఖర్చు తగ్గి కొవ్వు వాడకం పెరుగుతుంది. తీవ్రమైన అంటువ్యాధిలో మాత్రం శరీరంలోని వాపు ప్రక్రియ వలన కండరాలు కరగడం ఆగదు. పైగా జ్వరం ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీ పెరిగినప్పుడు శరీరపు శక్తి ఖర్చు సుమారు 10 నుండి 13 శాతం పెరుగుతుంది. అందుచేత ఆకలి మందగించిన సమయంలోనే అవసరం హెచ్చుతుంది.

మంచాన ఉండడం కూడా వేరుగా నష్టం చేస్తుంది. 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో 20 ఏళ్ల వయసుగల అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచం మీదనే ఉంచి పరిశీలించారు. శరీరం ప్రాణవాయువును గరిష్ఠంగా వాడుకోగల శక్తి వారిలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తరువాత అదే వ్యక్తులను మరల పరీక్షించగా, ముప్పై ఏళ్ల వయోభారం కంటే నాటి మూడు వారాల మంచమే ఆ శక్తిని ఎక్కువగా తగ్గించినట్లు తేలింది. 2007లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు పది రోజులు మంచాన ఉన్నందుకు కాళ్లలోని కొవ్వు కాని కణజాలం దాదాపు ఒక కిలో కోల్పోయారు. ఈ ప్రయోగాలలో పాల్గొన్నవారికి వ్యాధి ఏదీ లేదు. నిజమైన రోగిలో వ్యాధి నష్టం, మంచం నష్టం రెండూ కలుస్తాయి.

చరిత్ర

జ్వరపీడితులను పస్తు ఉంచడం అనేక దేశాలలో ఆచారంగా ఉండేది. 19వ శతాబ్దంలో డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ దీనిని వ్యతిరేకించి జ్వర రోగులకు ఆహారం ఇప్పించాడు. టైఫాయిడ్ విషయంలో వైద్యులు భయపడడానికి కారణం లేకపోలేదు. ఆ వ్యాధిలో, ముఖ్యంగా మూడవ వారంలో, పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. అయితే 20వ శతాబ్దపు తొలినాళ్లలో న్యూయార్క్ వైద్యుడు వారెన్ కోల్మన్ టైఫాయిడ్ రోగులకు పాలు, మీగడ, గుడ్లతో కూడిన బలమైన ఆహారం ఇచ్చి, పస్తు అవసరం లేదని చూపాడు.

శ్రమను కొలత ప్రకారం పెంచే పద్ధతి క్షయ శానిటోరియంలలో రూపుదిద్దుకొంది. ఇంగ్లాండులోని ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ అనే వైద్యుడు 1905 తరువాత రోగులచేత మొదట నడక, తరువాత మట్టి బుట్టలు మోయడం, ఆపైన చిన్న పార నుండి పెద్ద పార వరకు తవ్వకం చేయించాడు. శరీర ఉష్ణోగ్రత పెరిగితే పని ఆపించి విశ్రాంతి ఇచ్చేవాడు. ఒక మెట్టు ఎక్కించి, శరీరం ఏమంటున్నదో చూసి, ఆ తరువాతనే మరొక మెట్టు ఎక్కించడం అనే సూత్రం నేటికీ నిలిచి ఉంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆకలిని గురించిన విజ్ఞానం పెరిగింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ 1944-45లో 36 మంది స్వచ్ఛంద పురుషులకు 24 వారాలు సగం ఆహారం ఇచ్చి, వారు తమ బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయిన తరువాత తిరిగి కోలుకునే తీరును నమోదు చేశాడు. కోలుకునేటప్పుడు కొవ్వు ముందు చేరుతుందని, కండ నెమ్మదిగా వెనుక వస్తుందని ఈ పరిశోధన చూపింది. దీని ఫలితాలు 1950లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. 1945 ఏప్రిల్‌లో విముక్తి పొందిన బెల్సెన్ నిర్బంధ శిబిరంలో ఆకలి వలన, టైఫస్ వలన కృశించినవారు విముక్తి తరువాత కూడా వేల సంఖ్యలో మరణించారు. 1943 నాటి బెంగాల్ కరువులో వాడిన తీపి మిశ్రమాన్ని అక్కడ ఇవ్వగా చాలామంది సహించలేకపోయారు.

రీఫీడింగ్ సిండ్రోమ్

చాలా రోజులు ఆహారం లేనివారికి తిరిగి ఆహారం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు రక్తంలోని లవణాలు ప్రమాదకరంగా తగ్గిపోయే స్థితిని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. పస్తు కాలంలో కణాల లోపలి భాస్వరం (ఫాస్ఫేట్ రూపంలో), పొటాషియం, మెగ్నీషియం నిలువలు తరిగిపోతాయి. రక్తపరీక్షలో మాత్రం వాటి పరిమాణం మామూలుగానే కనిపించవచ్చు. అన్నం, చక్కెర వంటి పిండి పదార్థాలు అందగానే ఇన్సులిన్ విడుదలై ఈ లవణాలను రక్తంలో నుండి కణాలలోకి నెడుతుంది. ఫాస్ఫేట్ లేనిదే కణాలకు శక్తి తయారు కాదు. కాబట్టి గుండె లయ తప్పడం, శ్వాస కండరాలు బలహీనపడడం జరుగుతాయి. శరీరంలో ఉప్పు, నీరు నిలిచి కాళ్లు వాస్తాయి. పిండి పదార్థాల వినియోగానికి కావలసిన థయామిన్ అనే బి1 విటమిన్ కొరత ఏర్పడితే మెదడుకు శాశ్వత హాని కలుగవచ్చు. ఈ మార్పులు సాధారణంగా ఆహారం మొదలుపెట్టిన మొదటి అయిదు రోజులలో కనిపిస్తాయి.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్రమాదం ఎక్కువ:

* శరీర ద్రవ్యరాశి సూచిక 16 కంటే తక్కువ ఉండడం
* గడచిన 3 నుండి 6 నెలలలో తలవని తలంపుగా 15 శాతానికి మించి బరువు తగ్గడం
* 10 రోజులకు మించి ఆహారం దాదాపు లేకపోవడం
* ఆహారం మొదలుపెట్టకముందే రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ లేదా మెగ్నీషియం తక్కువగా ఉండడం

సూచిక 18.5 కంటే తక్కువ ఉండడం, 10 శాతానికి మించి బరువు తగ్గడం, 5 రోజులకు మించి తిండి లేకపోవడం, అతిగా మద్యం సేవించే అలవాటు లేదా ఇన్సులిన్, కీమోథెరపీ, యాంటాసిడ్, మూత్రం జారీ చేసే మందుల వాడకం - వీటిలో ఏ రెండు ఉన్నా ప్రమాదం ఎక్కువగానే పరిగణిస్తారు.

ఇట్టివారికి ఆ మార్గదర్శకాలు మొదట రోజుకు కిలో బరువుకు 10 కిలోకేలరీలకు మించకుండా ఇచ్చి, 4 నుండి 7 రోజులలో పూర్తి అవసరానికి చేర్చమని చెప్తాయి. 40 కిలోల మనిషికి ఇది మొదటి రోజున 400 కిలోకేలరీలు మాత్రమే. ఆహారానికి ముందే థయామిన్ ఇస్తారు. రక్తంలోని లవణాలను పరీక్షిస్తూ లోపాన్ని పూరిస్తారు. ఇది ఆసుపత్రిలో జరగవలసిన పని. తీవ్ర పోషకాహార లోపంతో చేర్చిన పిల్లలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వారికి మొదట 100 మిల్లీలీటర్లలో 75 కిలోకేలరీలు గల పాల మిశ్రమాన్ని కొద్దికొద్దిగా రెండు మూడు గంటలకొకసారి ఇచ్చి, స్థిమితపడిన తరువాత 100 కిలోకేలరీలు గల మిశ్రమానికి మారుస్తారు. ఇనుము మందును తొలి దశలో ఇవ్వరు.

ఆహారాన్ని పెంచే క్రమం

పై ప్రమాద లక్షణాలు లేనివారు ఇంటి వద్దనే ఆహారాన్ని పెంచుకోవచ్చు. మూడు పూటల పెద్ద భోజనం కంటే అయిదారు సార్లు కొద్దికొద్దిగా తినడం మేలు. ఆకలి తక్కువగా ఉన్నప్పుడు ఆహారపు పరిమాణం పెంచడం కష్టం. కాబట్టి అదే పరిమాణంలో సారం పెంచాలి. పలుచని గంజికి బదులు పాలు కలిపిన జావ, చారన్నానికి బదులు ముద్దపప్పుతో అన్నం ఇందుకు ఉదాహరణలు. ఒక చెంచా (5 గ్రాముల) నూనె లేదా నెయ్యి కలిపితే సుమారు 45 కిలోకేలరీలు చేరుతాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆరోగ్యవంతులైన పెద్దలకు సిఫారసు చేసిన మాంసకృత్తుల పరిమాణం రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు. వ్యాధికి గురైన వృద్ధులకు 1.2 నుండి 1.5 గ్రాములు అవసరమని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. 50 కిలోల వ్యక్తికి ఇది 60 నుండి 75 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 3 గ్రాములు, 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారు వైద్యుని సలహా తీసుకోవాలి.

తెలుగునాట పథ్యం

లంఖణం పరమౌషధమనే నానుడి తెలుగునాట ప్రసిద్ధం. జ్వరం తగ్గిన తరువాత తొలిసారి అన్నం పెట్టడాన్ని పథ్యం పెట్టడం అంటారు. గంజి, జావ, మెత్తని అన్నం, చారు, బీరకాయ లేదా పొట్లకాయ కూర, ఆ తరువాత మామూలు భోజనం అనే వరుస చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఆయుర్వేదంలో శోధన చికిత్స తరువాత పాటించే సంసర్జన క్రమం కూడా ఇటువంటిదే. అందులో పేయ అనే పలుచని గంజి, విలేపి అనే చిక్కని జావ, యూషం అనే పప్పు కట్టు, మాంసరసం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. కొద్దిగా మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచాలనే ఈ ఆలోచన నేటి వైద్యానికి విరుద్ధం కాదు.

చిక్కు ఎక్కడంటే, మొదటి మెట్టు మీదనే వారాల తరబడి నిలిచిపోవడంలో ఉంది. గంజిలో, చారులో మాంసకృత్తులు స్వల్పం. పచ్చకామెర్లు వచ్చినవారికి పప్పు, గుడ్డు, నూనె పూర్తిగా మాన్పించడం ఇందుకు ఒక ఉదాహరణ. కొరియా యుద్ధకాలంలో కాలేయ వాపుకు గురైన అమెరికన్ సైనికులపై థామస్ చామర్స్ బృందం జరిపి 1955లో ప్రచురించిన పరిశోధనలో, మాంసకృత్తులు ఎక్కువగా గల ఆహారం తిన్నవారు త్వరగా కోలుకున్నారు. కఠినమైన మంచం విశ్రాంతి వలన అదనపు ప్రయోజనం కనబడలేదు. కాలేయం తీవ్రంగా దెబ్బతిని మతి తప్పుతున్న రోగుల ఆహారం మాత్రం పూర్తిగా వైద్యుని నిర్ణయానికి లోబడి ఉండాలి.

శ్రమను పెంచే క్రమం

ఆహారం నిలకడగా ఒంటపట్టడం మొదలైన తరువాతనే వ్యాయామాన్ని పెంచాలి. తగినంత తినకుండా శ్రమ పెంచితే ఉన్న కండ కూడా కరుగుతుంది. శ్రమ లేకుండా తింటే చేరేది ఎక్కువగా కొవ్వే. సాధారణంగా పాటించే మెట్లు ఇవి:

1. మంచం మీదనే పాదాలను, మోకాళ్లను కదపడం, దీర్ఘశ్వాసలు, కూర్చోవడం
2. ఆసరాతో నిలబడడం, గదిలో నాలుగడుగులు వేయడం
3. కుర్చీలో నుండి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, సమతలంపై రోజుకు రెండు మూడు సార్లు కొద్ది నిమిషాల నడక
4. నడక వ్యవధి పెంచడం, ఆ తరువాత వేగం, ఆపైన మెట్లు
5. తేలికపాటి బరువులతో కండరాలను బలపరిచే వ్యాయామం

ఒకసారి ఒక్కదానినే పెంచాలి. వ్యవధిని, వేగాన్ని కలిపి పెంచరాదు. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే శ్రమ మితంగా ఉన్నట్లు. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుండి 20 వరకు గల శ్రమ మానంలో 11 నుండి 13 వరకు గల స్థాయి ఇందుకు సరిపోతుంది. మరునాటికి అలసట తీరితే ఆ మెట్టు సరిపడినట్లు; తీరకపోతే క్రింది మెట్టుకు దిగాలి.

కొందరిలో శ్రమ చేసిన కొన్ని గంటల తరువాత, లేదా ఒకటి రెండు రోజుల తరువాత తీవ్రమైన నిస్సత్తువ వచ్చి రోజుల తరబడి ఉంటుంది. కోవిడ్ తరువాత ఇది చాలామందిలో కనిపించింది. వీరిని పట్టుబట్టి వ్యాయామం చేయించడం హానికరం. దీర్ఘకాలిక నిస్సత్తువ వ్యాధికి క్రమంగా పెంచే వ్యాయామాన్ని చికిత్సగా ఇవ్వరాదని నైస్ సంస్థ 2021లో తన సిఫారసును మార్చుకొంది. అట్లే వైరస్ వలన గుండె కండరం వాచినవారు 3 నుండి 6 నెలలు కఠిన వ్యాయామం మానాలి.

క్షయ రోగుల అనుభవం

ఆహారం, విశ్రాంతి, మందు అనే మూడింటిలో దేని పాత్ర ఎంత అన్న ప్రశ్నకు మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన ఒక సమాధానం ఇచ్చింది. శానిటోరియంలో మంచి ఆహారం, విశ్రాంతి పొందిన రోగులతో, ఇంటి వద్ద పేద తిండితో పని చేసుకుంటూ అవే మందులు వాడిన రోగులను పోల్చి చూశారు. బరువు శానిటోరియం వారిలోనే ఎక్కువ పెరిగింది. వ్యాధి నయం కావడంలో మాత్రం రెండు వర్గాలూ దాదాపు సమానంగా నిలిచాయి. మందులు క్రమంగా వాడడమే ప్రధానమని దీనితో స్థిరపడి, క్షయకు ఇంటి వద్ద చికిత్స ప్రపంచమంతటా వ్యాపించింది.

అయినా ఆహారం పాత్ర చిన్నది కాదు. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ఫలితాలు వెలువడిన రేషన్స్ పరిశోధనలో క్షయ రోగులకు మందులతోపాటు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె అందజేశారు. మొదటి రెండు నెలలలో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణ ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. భారత ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన క్రింద 2018 ఏప్రిల్ నుండి క్షయ రోగులకు చికిత్సా కాలంలో నెలకు 500 రూపాయలు ఇవ్వసాగింది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలకు పెంచింది.

వైద్యుని సంప్రదించవలసిన లక్షణాలు

* ఆహారం పెంచిన తొలి రోజులలో కాళ్ల వాపు, ఆయాసం, గుండె దడ, కండరాల బలహీనత, తికమక లేదా మగత
* తగ్గిన జ్వరం తిరిగి రావడం
* నడిచినప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం
* ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం; ఇది రక్తనాళంలో గడ్డ కట్టిన సూచన కావచ్చు
* టైఫాయిడ్ తరువాత తీవ్రమైన కడుపునొప్పి, నల్లని విరేచనం
* తగినంత తింటున్నా రెండు మూడు వారాలలో బరువు పెరగకపోవడం లేదా ఇంకా తగ్గడం

బరువును వారానికొకసారి, ఒకే సమయంలో, ఒకే తక్కెడపై చూసి వ్రాసి ఉంచుకోవడం కోలుకునే తీరును తెలుసుకోవడానికి సులభమైన మార్గం. అయితే ఒకటి రెండు రోజులలోనే బరువు బాగా పెరిగితే అది కండ కాదు, శరీరంలో నిలిచిన నీరు. పట్టు బలం, కుర్చీలో నుండి లేవగలగడం, ఆగకుండా నడవగలిగే దూరం - ఇవి కండ తిరిగి వస్తున్నదనడానికి బరువు కంటే నమ్మదగిన గుర్తులు.