రైతు, పాలేరు, కూలి, కౌలు: ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరిని లోపల పెట్టాయి, ఎవరిని బయట పెట్టాయి

పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి.

"రైతు" మన మాట కాదు. అరబ్బీలో "రయ్యత్" అంటే కాపరి చేతికింద ఉండే మంద. గొర్రెల మంద అన్నమాట. రాజు కాపరి, ప్రజలు మంద అనే లెక్కలో అదే మాట రాజుగారి ప్రజలకు, శిస్తు కట్టేవాళ్లకు పేరైంది. పారసీ మీదుగా సుల్తానుల దఫ్తర్లలోకి, అక్కణ్ణుంచి మన నోటికి వచ్చింది. కాబట్టి మొదట్లో రైతు అంటే నాగలి పట్టినవాడు కాదు, శిస్తు కట్టేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

అంతకు ముందు మనకు కాపు ఉంది. కాచేవాడు, ఊళ్లో కాపురం ఉండి భూమి చేసుకునేవాడు. తర్వాత అది కులం పేరుగా స్థిరపడింది. కర్షకుడు, హాలికుడు పుస్తకాల్లో మిగిలిపోయారు. "వ్యవసాయం" సంగతి ఇంకా తమాషా. సంస్కృతంలో దానికి అర్థం పట్టుదల, ప్రయత్నం. సేద్యం అనే అర్థం మనం ఇచ్చుకున్నదే. తెలంగాణలో అది "ఎవుసం" అయి ఇంకా మన సొంతమైంది.

ఇక రైతు అనే మాటకు కాగితం ఎప్పుడు తోడైందో చూడండి. 1792లో సేలం వైపు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఒక పద్ధతి మొదలుపెట్టారు. మధ్యలో జమీందారు లేకుండా సర్కారే సాగుదారు దగ్గర శిస్తు తీసుకోవడం. 1800లో నిజాం సీమ జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాక మన్రో అక్కడ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలాలు కొలిపించి, ఒక్కో చెక్కకు శిస్తు కట్టి, ఎవరి పేరున ఎంత అని రాయించాడు. అదే రైత్వారీ. జమీందారీతో పోలిస్తే మేలే. కానీ దాంతో ఒక గీత పడింది. పట్టాలో పేరున్నవాడు రైతు. ఆ పొలంలోనే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఉండి, పట్టాలో పేరు లేనివాడు మరొకడు.

ఆ మరొకడికి ఎన్ని పేర్లో!

కోస్తాలో పాలేరు. పాలికాపు అనీ అనేవారు. పాలు అంటే వాటా. పాలివాళ్లు, పాలుపంచుకోవడం అనే మాటలు మీకు తెలిసినవే. పేరులో వాటా ఉంది గానీ చేతికి వచ్చింది ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఒక పంచె, ఒక దుప్పటి, చెప్పుల జత. పెద్ద పాలేరు, చిన్న పాలేరు అని అందులోనూ మెట్లు. తెలంగాణలో జీతగాడు. జీతం అంటే ఇప్పుడు ఆఫీసు ఉద్యోగం గుర్తొస్తుంది. ఊళ్లో "జీతమున్నడు" అంటే ఏడాదికి దొర దగ్గర కుదిరాడని. ముందే తీసుకున్న అప్పు తీరకపోతే ఆ ఏడాది రెండేళ్లవుతుంది, కొడుకు దాకా వస్తుంది. నిజాం ఇలాకాలో దీన్ని భగేలా అన్నారు. అసలేమీ ఇవ్వకుండా చేయించుకుంటే వెట్టి. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటానికి ఈ వెట్టి ఒక పెద్ద కారణం.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెబుతాను. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం తీసి చూడండి. దేశంలో ఏయే పేర్లతో మనుషుల్ని అప్పుకు కట్టేసి పని చేయించుకుంటారో అందులో ఒక జాబితా ఉంది. దాంట్లో పాలేరు ఉంది. జీత ఉంది. భగేలా ఉంది. వెట్టీ ఉంది. మనం ఇంట్లో మామూలుగా వాడిన మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కింది అలా. "మా పాలేరు ఇంట్లో మనిషిలా ఉండేవాడు" అని పెద్దవాళ్లు చెప్పే మాట అబద్ధమని నేననను. కానీ రెండోవైపు నుంచి ఆ మాట ఎలా వినబడిందో ఆ జాబితా చెబుతుంది.

కూలి అంటే మనకు పనికి ఇచ్చే డబ్బు, గింజలు. తమిళంలోనూ, కన్నడంలోనూ అంతే. దీన్నుంచే ఇంగ్లీషువాడి "కూలీ" పుట్టిందని చాలామంది పండితుల మాట. గుజరాత్ వైపు కోలీల పేరు నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, డబ్బు పేరే మనిషి పేరైపోయింది. 1834 నుంచి మారిషస్ చెరుకు తోటలకు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మనవాళ్లను ఓడల్లో తీసుకుపోయారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఎంతమంది వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్ల పేరే కోరంగీలు అయింది. నాటాల్‌లో గాంధీగారిని కూడా "కూలీ బారిస్టరు" అన్నారు. ఎంత చదువుకున్నా ఆ మాట వదల్లేదు.

కౌలు కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. "కౌల్" అంటే ఇచ్చిన మాట. ఈ బీడు సాగు చెయ్యి, ఇన్నేళ్లు శిస్తు ఇంతే అని పాలకుడు రాసిచ్చిన మాట కౌలునామా. ఈ రోజు కౌలు అంటే ఎక్కువ ఊళ్లలో నోటిమాటే. కాగితం ఉండదు. ఆంధ్రలో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, భూమి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనని యజమాని సంతకం పెట్టడు. సంతకం లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన దగ్గరికి వద్దాం. 2018లో తెలంగాణ రైతుబంధు పట్టాదారు పేరునే వచ్చింది. అదే ఏడాది పెట్టిన రైతుబీమా, ఇంటాయన పోతే 5 లక్షలు, అదీ పట్టాదారుకే. 2019 నాటి పీఎం కిసాన్ 6 వేలు భూమి ఉన్న కుటుంబానికే. అంటే మన్రో గీసిన గీత అలాగే ఉంది. శిస్తు ఎవరి దగ్గర తీసుకోవాలో చూసుకోవడానికి పెట్టిన లెక్కతోనే సాయం ఎవరికి ఇవ్వాలో తేలుస్తున్నారు.

వేరే దారి లేదా అంటే ఉంది. స్వామినాథన్ కమిషన్ తర్వాత 2007లో వచ్చిన జాతీయ రైతు విధానం రైతు అనే మాటకు అర్థం విడమరిచి రాసింది. కౌలుదారు, పాలికి చేసేవాడు, వ్యవసాయ కూలీ, పశువులు మేపేవాడు, అందరూ రైతులే అంది. పదిహేడేళ్లు దాటింది. కాగితం మీద ఉంది, పథకాల్లో లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో సాగుదారులు సుమారు 11.9 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు. చేలో ఉన్నవాళ్లలో ఎక్కువమందిని రైతు అనే మాట బయటే ఉంచింది. నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లను రైతు అనాలంటే ముందు "మహిళా" అని తగిలించాల్సి వస్తోంది.

పట్టా ఉన్న మనమే ఈ విషయం మాట్లాడాలి. తుఫానుకు పంట పోయినప్పుడు నష్టం రాసుకునేవాళ్లు వస్తారు కదా, ఆ రోజు "చేసింది నేను కాదు, ఫలానా ఆయన, ఆయన పేరు రాయండి" అని చెప్పగలగాలి. కౌలు కార్డుకు సంతకం పెట్టినంత మాత్రాన భూమి మీద హక్కు పోదని 2019 చట్టంలోనే ఉంది. ఒకసారి చదివి చూడండి.

మీ ఊళ్లో ఏడాది జీతానికి ఉండేవాళ్లను ఏమనేవారు? వాటాకు చేసేవాళ్లను ఏమంటారు? మీ యాస మాట ఉన్నది ఉన్నట్టు కామెంటులో రాయండి. పెద్దవాళ్లను అడిగి మరీ రాయండి.

జై కిసాన్ అన్నప్పుడు వాళ్లనూ కలుపుకుని అందాం.