సినిమా పాట మూగవోయిన యైదేండ్లు

మా గణపవరము ప్రాంతమువారికి ఒక సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కొల్లేటి నీరు సముద్రమును చేరుటకు ఉప్పుటేరు దారి. ఆ దారి పూడినచో నీరు ఊరక యుండదు, చేలమీదికి వచ్చును. జనుల అభిరుచియు నట్టిదేయని తెలుపు కథ యొకటి మన రేడియో చరిత్రమున కలదు. దానిని మనవి చేసెదను.

మద్రాసు రేడియో కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమయ్యెను. ఆ కాలమున గ్రామఫోను కొనగల యిండ్లు పల్లెలలో బహు కొద్ది. 1951లో వెలువడిన మల్లీశ్వరి, పాతాళభైరవి చిత్రముల పాటలను మరల వినగోరు పల్లెవారికి రేడియోయే దిక్కు. రేడియో గలవారు ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము చెల్లించెడివారు. అనగా వారు సొమ్మిచ్చి వినువారు.

1952లో బి. వి. కేస్కరుగారు కేంద్ర ప్రసారశాఖ మంత్రి యైరి. వారికి శాస్త్రీయ సంగీతమునందు మిక్కిలి అభిమానము. సినిమా పాటలు పాశ్చాత్యపు బాణీలతో జనుల రుచిని చెరచుచున్నవని వారి తలంపు. అందుచే ఆ పాటలకిచ్చు కాలమును తగ్గించిరి. ముందుగా పరిశీలించిన పాటలనే వినిపింపుమనిరి. చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని, గాయకుని పేరు మాత్రమే చెప్పుమనిరి. నిర్మాతలు కోపించి తమ పాటలకిచ్చిన అనుమతిని మరల్చుకొనిరి. కొద్ది నెలలలోనే సినిమా పాట ప్రభుత్వ రేడియోనుండి ఇంచుమించు మాయమయ్యెను.

తగవు ప్రభుత్వమునకును నిర్మాతలకును. నష్టము శ్రోతది. అతని యిష్టమెట్టిదని అడిగినవారు లేరు. రుసుము మాత్రము చెల్లింపక తప్పదు.

అతడు చేయగలిగినది మీట త్రిప్పుట. త్రిప్పెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులకొరకు సింహళమున నెలకొల్పిన బలమైన ప్రసార యంత్రము యుద్ధానంతరము రేడియో సిలోనుకు దక్కెను. అచ్చటినుండి షార్టు వేవుపై ప్రకటనలతోకూడ సినిమా పాటలు మన దేశమంతట వినవచ్చెను. 1952లో ఆరంభమైన బినాకా గీతమాలతో అమీన్ సయానీగారి కంఠము ఇంటింటికి పరిచితమయ్యెను. తెలుగు పాటలును సిలోనునుండి వినిపించెను. షార్టు వేవు లేని పెట్టె గలవానికి ఆ దారియు లేదు.

మంత్రిగారి పనిలో మేలు లేదనుట న్యాయము కాదు. 1952లోనే ఆరంభమైన జాతీయ సంగీత కార్యక్రమము మహావిద్వాంసుల గానమును సామాన్యుని ముంగిటికి తెచ్చెను. మనకు పొరుగున నిడదవోలులో 1920లో జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు, 1941 మొదలు రేడియోలో పనిచేసి, తెలుగు లలిత సంగీతమునకు ప్రాణము పోసిరి. ఇట్టి మంచిని వినిపించుట ఒప్పే. దానికై శ్రోత ప్రీతితో వినుచున్నదానిని లాగికొనుట తప్పని నా యభిప్రాయము. క్రొత్తదానిని మెచ్చుటకును అతనికి కొంత వ్యవధి యీయవలెను గదా.

తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమయ్యెను. అందు సినిమా పాటకే పెద్దపీట. అప్పటికిని మంత్రి కేస్కరుగారే! అయిదేండ్లకు పాట తిరిగివచ్చెను గాని, సిలోనుకు అలవడిన చెవులన్నియు వెంటనే తిరిగిరాలేదు.

నేడు ఫోనులో పాటలు వినిపించు సంస్థలు నెలనెల రుసుము గైకొనుచునే, శ్రోతలకు అలవాటైన సదుపాయమును ఒక్కొకప్పుడు హఠాత్తుగా తీసివేయుచున్నవి. అందులకు మీ మనుమలు విసుగుకొన్నచో, చిన్న విషయమని కొట్టివేయకుడు. మీ తండ్రులు మీట త్రిప్పి సిలోనును వెదకిన కథ వారికి చెప్పుడు.