ఆసక్తి కాదు, ఆంపియర్లు రాయి

రాత్రి పదకొండు దాటింది. అమీర్‌పేట హాస్టల్లో మూడో అంతస్తు. పక్క మంచం మీద రూమ్మేట్ జావా నోట్సు మొహాన కప్పుకుని నిద్రపోతున్నాడు. నీ ఒళ్లో ల్యాప్‌టాప్. ఎలక్ట్రికల్‌లో ఎంఎస్‌ దరఖాస్తుకి గడువు డిసెంబర్ 15, అమెరికా తూర్పు తీరం లెక్కలో రాత్రి 11:59. మనకది 16 పొద్దున 10:29. స్క్రీన్ మీద కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన నమూనా ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్). చిన్నప్పటి నుంచీ టెక్నాలజీ అంటే అమితమైన ఆసక్తి అంటూ మొదలవుతుంది.

ఫోన్ మోగింది. డాలస్ నుంచి సీనియర్ అక్క.

"ఏరా, ఎంతవరకొచ్చింది? మొదటి పేరా చదువు."

చదివావు.

"అందులో నీ పేరు తీసి పక్కోడి పేరు పెడితే తేడా తెలుస్తుందా?"

"తెలీదక్కా."

"అయితే తీసెయ్. ఫైనలియర్‌లో ఏం చేశావో అది చెప్పు."

చెప్పడం మొదలుపెట్టావు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. ఆటోస్టార్టర్ పెట్టుకుంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. బోరులో నీళ్లు అడుగంటినా ఆగదు. చల్లబరిచే నీళ్లు లేక వైండింగ్ కాలిపోతుంది. అందుకే మీ బోరు మోటారు తీగకి కరెంట్ సెన్సర్ తగిలించి, ఈఎస్‌పీ32 బోర్డుకి కలిపావు. నీళ్లు లేకపోతే లోడు తగ్గుతుంది, ఆంపియర్లు పడిపోతాయి, రిలే కట్ చేస్తుంది. ల్యాబ్‌లో బాగానే పనిచేసింది.

"మరి చేలో?"

"చెయ్యలేదక్కా. నీళ్లు లేకపోయినా మోటారు అయస్కాంత క్షేత్రం కోసం కొంత కరెంటు లాగుతూనే ఉంటుంది. అందుకని అనుకున్నంత పడలేదు. పైగా వోల్టేజీ మారినప్పుడల్లా ఆంపియర్లూ మారిపోయేవి."

"అప్పుడేం చేశావు?"

"వోల్టేజీ కూడా కొలిచాను. లోడు పోగానే పవర్ ఫ్యాక్టర్ బాగా పడిపోతోంది, అంటే తేడా వాట్లలో బాగా తెలుస్తుంది. ఆంపియర్లు వదిలేసి వాట్లు చూడమన్నాను బోర్డుని. అప్పట్నుంచి సరిగ్గా కట్ చేసింది."

"ఇప్పుడు నాతో చెప్పింది చెప్పినట్టే రాయి. ముందు చేలో ఎందుకు పనిచెయ్యలేదో, తర్వాత ఎలా తేల్చావో."

నమూనా మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కావు. వేళ్లు కీబోర్డు మీద పరిగెడుతున్నాయి. అరగంటలో రెండు పేరాలు.

"నాన్న బోర్ల అప్పు సంగతి కూడా రాయనా అక్కా?"

"ఇందులో వద్దు. బర్క్‌లీ లాంటి చోట పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ విడిగా అడుగుతారు, అది అక్కడ రాసుకో. ఆఖరి పేరాలో ఏం పెట్టావు?"

"వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ అని..."

"ఫ్యాకల్టీ గొప్పతనం వాళ్లకి తెలుసులే. నీ ప్రాజెక్టులో నీకు తేలనిదేంటి?"

ఆలోచించావు. ఎన్ని వాట్ల దగ్గర కట్ చెయ్యాలో ప్రతి మోటారుకీ నువ్వే చేత్తో సెట్ చెయ్యాల్సి వచ్చింది. ఊళ్లో ఒక్కో బోరుకీ ఒక్కో మోటారు. పరికరం ఆ హద్దు తనంతట తానే నేర్చుకోవాలంటే సిగ్నల్ ప్రాసెసింగ్ రావాలి. నీకు రాదు. ఆ ముక్కే రాశావు. దరఖాస్తు పెడుతున్న యూనివర్సిటీ కోర్సుల జాబితా తెరిచి, దానికి పనికొచ్చే రెండు కోర్సులు కింద చేర్చావు.

"ఇప్పుడు కుదిరింది. రేపు మీ గైడ్ సారుకి చూపించు. ఆయన రికమండేషన్‌లోనూ ఈ మోటారు మాటే వస్తే నువ్వు చెప్పినదానికి సాక్షి దొరికినట్టు."